పలక మీద పేరు

వెల్బీ ఊళ్ళో ప్రిచర్డ్ వాళ్ళ సామాన్ల షాపులో జాకీ కొనాలంటే ఓ గంట తీరిక చేసుకుని వెళ్ళాలి అనేవాళ్ళు ఒకప్పుడు. ముసలి ప్రిచర్డ్ బతికున్న రోజుల మాట అది. ఏం బండి, ఎంత బరువు, స్టెప్నీ డిక్కీలో ఉంటుందా, బండి కింద వేలాడుతుందా, తిరిగేది తారు రోడ్డా, కంకర రోడ్డా అని పెళ్ళి సంబంధం మాట్లాడుతున్నట్టు ఆరా తీసేవాడు. షాపు వెనక షెడ్డులో ధాన్యం నింపిన పాత ట్రక్కు ఒకటి ఉండేది. కొత్తగా వచ్చిన, నూనె ఒత్తిడితో లేచే ప్రతి బాటిల్ జాకీనీ దాని కింద పెట్టి, చక్రం పైకి లేపి, గోడ మీద సుద్దగీత గీసి రాత్రంతా వదిలేసేవాడు. తెల్లారి చూసేసరికి బార్లీ గింజంత దిగినా సరే, ఆ జాకీని వచ్చిన దారినే తిప్పి పంపేవాడు. నిలబడిన దాన్ని మాత్రం బల్ల మీద పెట్టి, "దీని కింద నేను పడుకుంటాను" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట పొగిడేవాడు కాదు.

జాకీతో పాటు అడుగు చదరపు చెక్క పలక ఒకటి ఉచితం. కెనడాలోని ఆ సస్కాచెవాన్ కంకర రోడ్ల పక్కన నేల గట్టిగా కనిపిస్తుంది గానీ బరువు పడితే జాకీ పాదాన్ని మింగేస్తుంది. అందుకే కింద పలక వేయాలి. కొన్నవాళ్ళ పేరు వడ్రంగి పెన్సిలుతో ఆ పలక మీద ముసలాయనే రాసిచ్చేవాడు. ఆ చుట్టుపక్కల ఏ బండి వెనక చూసినా పేరున్న పలక ఒకటి దొర్లుతూ ఉండేది.

ఆయన పోయాక షాపు కొడుకు గార్త్ చేతికొచ్చింది. గార్త్ పలకను ఉంచాడు, పేరు రాయడం ఉంచాడు, తండ్రి చెప్పే ఆ మాటనూ ఉంచాడు. షెడ్డులో ట్రక్కును మాత్రం పాత ఇనుముకు అమ్మేశాడు. పరీక్షకు ఒక రాత్రి పడుతుంది. మాటకు ఏం పడుతుంది చెప్పండి?

జనవరి రెండో శనివారం. మధ్యాహ్నం మూడు గంటలు. బయట మైనస్ ముప్పై. షాపులో హీటరు గురగురమంటోంది. గార్త్ కూతురు టెస్సా తలుపు తోసుకుని వచ్చి బూట్ల మంచు దులిపింది. గోధుమరంగు బూట్లు, ఎర్ర తాళ్ళు. టెస్సాకు ఇరవై ఆరేళ్ళు. పొలాల మధ్య ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ ఇళ్ళకు తిరిగి మందులిచ్చే నర్సు. తల్లి పోయాక గార్త్‌కు ఈ లోకంలో ఉన్నది ఆ ఒక్క పిల్లే.

"నాన్నా, నా బండి జాకీ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మంచిది ఒకటి ఇవ్వు. డబ్బులు మాత్రం అడక్కు."

"అడిగితే ఇచ్చేదానివా ఏంటి!"

గల్లా దగ్గర కూర్చున్న డార్లీన్ నవ్వింది. అరవై దాటిన మనిషి. వేరే ఊరి నుంచి వచ్చి డిసెంబరులో పనిలో చేరింది. నోరు పెద్దది. "ఇక చూడు, కూతురికి గంటసేపు చూపిస్తాడు. నిన్న ఆ రైతు పాపం, కోటు గుండీ విప్పేలోపే ఒకటి అంటగట్టేశాడు."

టెస్సా అరలోంచి ఎర్ర బాటిల్ జాకీ అందుకుంది. "ఇది చాలు. చిన్నది, నాలుగు పోట్లు కొడితే బండి లేస్తుంది. అందరికీ ఇదేగా ఇస్తావ్."

"అది పెట్టేయ్." గార్త్ గొంతు అతనికే గట్టిగా వినపడింది. తగ్గించాడు. "చలికి అందులో నూనె బిగుసుకుపోతుందమ్మా. పక్కకు పడుకోబెడితే కారుతుంది. లోపల సీలు పోయిందనుకో, నిలబడినట్టే ఉండి దిగిపోతుంది. ఇదిగో, ఈ స్క్రూ జాకీ తీసుకో. తిప్పీ తిప్పీ రెక్కలు లాగేస్తాయి, నిజమే. కానీ నువ్వు తిప్పితేనే దిగుతుంది, లేకపోతే దిగదు. పలక వేసుకో. రెండో వైపు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టు. ఏమైనా సరే, బండి కిందకి మాత్రం దూరకు."

"స్టెప్నీ బండి కిందే వేలాడుతోంది కదా. తుప్పుపట్టిన గొలుసు నన్ను చూసి జాలిపడి ఊడొస్తుందా?"

"దూరకు అన్నానా! నాకు ఫోన్ చెయ్, నేనొస్తాను."

టెస్సా తండ్రిని వింతగా చూసింది. డార్లీన్ కూడా చూసింది. గార్త్ తల వంచుకుని పలక మీద టెస్సా అని రాశాడు.

భయం ఎందుకో అతనికి తెలుసు. నవంబరులో జరిగింది.

సెప్టెంబరు చివర్లో ఒక రైతు బాటిల్ జాకీ ఒకటి వెనక్కి తెచ్చాడు. "గంటకు వేలెడు దిగుతోందయ్యా" అన్నాడు. గార్త్ అతనికి ఇంకోటి ఇచ్చి పంపాడు. పాతదాన్ని గ్యాసునూనెతో తుడిచి, లోపల కొత్త నూనె పోసి, కొత్త అట్టపెట్టెలో పెట్టి అరలో పెట్టాడు. ఎవరో అర్జంటు లేని మనిషి కొంటాడులే, ఎప్పుడో ఒకసారి వాడతాడులే అనుకున్నాడు. ఇలాంటివి అనుకోవడానికి మనిషికి పెద్ద కష్టమేం ఉండదు.

కొన్నవాడు ఐవర్ లిండ్‌హోల్మ్. పొలాల దారుల్లో పోస్టు వ్యాను నడిపేవాడు, అరవై ఒక్కేళ్ళు, పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. గార్త్‌ను నిక్కర్ల వయసు నుంచి ఎరుగును. ఒక శుక్రవారం సాయంత్రం వచ్చి, ఉన్న జాకీలన్నీ బల్ల మీద పెట్టించి, ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూశాడు. గార్త్‌కు కర్లింగ్ పోటీకి టైమైపోతోంది. మంచు మీద రాళ్ళు జార్చే ఆ ఆటలో జట్టు నాయకుడు అతనే.

"నాకు ఈ స్క్రూదే నచ్చుతోంది గార్త్."

"చేతులు విరగ్గొట్టుకుంటారు ఐవర్. ఈ ఎర్రది తీసుకోండి. మీ వ్యానుకు సరిగ్గా సరిపోతుంది."

"మీ నాన్న పరీక్షలాంటిది చేశావా?"

"చేశా."

ఐవర్ కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "దీని కింద నువ్వు పడుకుంటావా?"

"కళ్ళు మూసుకుని పడుకుంటాను" అన్నాడు గార్త్, పలక మీద ఐవర్ అని రాస్తూ.

అయిదు రోజుల తర్వాత, ఊరికి ఉత్తరాన కంకర రోడ్డు మీద వ్యాను టైరు పోయింది. స్టెప్నీ వ్యాను కింద గొలుసుకు పట్టేసింది. ఐవర్ పలక వేసి, జాకీతో వ్యానును పైకెత్తి, దాని కిందకి దూరాడు. జాకీ దిగింది. పోలీసు అధికారి మర్నాడు ఆ జాకీని, పలకను తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నీ షాపు సరుకే. అతనికి వెనకా ముందూ ఎవరూ లేరు, నీకే ఇస్తున్నా. మంచుకు జారి ఉంటుంది" అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట చెప్పాడు. "వెంటనే పోలేదట పాపం. మూడు నాలుగు గంటలు ఉన్నాడట." పలక మీద ఐవర్ అన్న పేరు చుట్టూ గోళ్ళ గీతలున్నాయి.

ఇంతవరకు పోలీసుకు తెలిసింది. తెలియనిది ఒకటుంది. ఆ రోజు సాయంత్రం ఆరింటికి గార్త్ ఆ రోడ్డు మీదే పక్క ఊరికి పోటీకి వెళ్ళాడు. పోస్టు వ్యాను రోడ్డు పక్కన ఆగి ఉంది, దీపాలు వెలిగి ఆరుతున్నాయి. కిందనుంచి రెండు బూట్లు బయటికి కనిపించాయి. చలికాలంలో ఆగిన బండిని దాటి పోవడమంటే ఆ ప్రాంతంలో అంతకు మించిన నీచం లేదు. బద్ధశత్రువైనా సరే, ఆగి అద్దం దించి అడగాల్సిందే. గార్త్ వేగం తగ్గించాడు. ఎర్ర జాకీ కనిపించింది. దిగితే ఆ జాకీ గురించి ఐవర్ ఏం అడుగుతాడో అనిపించింది. బూటు ఒకటి కదిలింది... పని చేసుకుంటున్నాడులే అనుకుని కాలు మళ్ళీ పెడలు మీద నొక్కాడు.

మెడ దగ్గర సొట్టపడిన ఆ జాకీని, పలకను ఊరి చెత్తగుంటలో పాత ఇనుము కింద కప్పెట్టాడు. అక్కడితో పీడ వదిలిందనుకున్నాడు.

వదల్లేదు. ఆ జాకీ ఉండే అరలో రోజూ పొద్దున గుండ్రంగా నూనె మరక ఒకటి కనిపించేది. సరిగ్గా జాకీ పాదమంత. గార్త్ తుడిచేవాడు. మర్నాడు మళ్ళీ ఉండేది. "ఖాళీ అరలోకి నూనె ఎక్కడినుంచి కారుతోందయ్యా?" అని డార్లీన్ సణిగేది. గార్త్ మళ్ళీ గుడ్డ అందుకునేవాడు.

ఆ శనివారం అయిదు గంటలకు అతను గోదాంలోంచి బయటికొచ్చేసరికి టెస్సా వెళ్ళిపోయింది. బల్ల కింద స్క్రూ జాకీ అలాగే ఉంది. దాని మీద టెస్సా పేరున్న పలక.

"ఇది తీసుకెళ్ళలేదేం?"

"అదేంటి, తీసుకెళ్ళిందిగా" అంది డార్లీన్. "ఆ పెద్దాయన పెట్టె మోసుకెళ్ళి ఆ పిల్ల బండి వెనక పెట్టాడు. నువ్వే పురమాయించావనుకున్నా."

"ఏ పెద్దాయన?"

"ఎవరో. పోస్టు వాళ్ళ నీలం కోటు, కళ్ళదాకా మఫ్లరు. కోటంతా కంకర దుమ్ము. పాపం ఆయనకు ఊపిరాడని జబ్బేదో ఉన్నట్టుంది, గుసగుసగా మాట్లాడాడు. గార్త్ చెప్పిన జాకీయేనమ్మా ఇది, అన్నాడు నాతో."

గార్త్ అర వైపు చూశాడు. పొద్దున తుడిచిన మరక అక్కడ లేదు. ఇన్నాళ్ళలో మొదటిసారి అర పొడిగా ఉంది.

ఫోన్ మోగింది. టెస్సా నంబరే.

"నాన్నా..." గొంతు దూరంగా ఉంది, వెనక గాలి హోరు. "టైరు పోయింది. ఉత్తరం రోడ్డు. ఏం పర్లేదు, జాకీ ఉందిగా."

"టెస్సా, ముట్టుకోకు! బండిలో కూర్చో, నేనొస్తున్నా!"

"వినపడట్లేదు... స్టెప్నీ పట్టేసింది. కిందకి దూరి..."

"దూరకు! టెస్సా!"

ఫోన్ తెగిపోలేదు. ఎవరో కష్టపడి ఊపిరి లోపలికి లాగిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత తెగింది.

గార్త్ స్క్రూ జాకీని, పలకను చంకలో పెట్టుకుని పరుగెత్తాడు. టోపీ, చేతి తొడుగులు షాపులోనే ఉండిపోయాయి.

ఉత్తరం రోడ్డు గీత గీసినట్టు నేరుగా పోతుంది. ఇరవై రెండు కిలోమీటర్లు. రెండు పక్కలా మంచు కప్పిన పొలాలు, మధ్యమధ్య ఖాళీ ధాన్యపు గిడ్డంగి ఒకటీ అరా. సూర్యుడు దిగుతున్నాడు. పడమటి గాలి పొలాల మీది మంచుపొడిని లేపి రోడ్డు మీదుగా అడ్డంగా తోస్తోంది, నేల కనబడటం లేదు. గార్త్ ట్రక్కు దీపాలు వేశాడు. ఆ పొడి మీద వెలుగు పడి తెల్లగా తిరిగి కళ్ళలోకే కొట్టింది. హీటరు గాలిలో ఏదో వాసన. మొదట గుర్తుపట్టలేదు. జాకీ నూనె వాసన.

దేవుడా, ఆ పిల్లకేమీ కాకుండా చూడు, అన్నాడు పైకే. ఇన్నేళ్ళలో దేవుణ్ణి ఏమీ అడగని మనిషి. నన్నేమైనా చెయ్, నన్ను చెయ్, అని మళ్ళీ అన్నాడు.

ఆరింటికి పూర్తిగా చీకటి పడింది. ఎదురుగా ఎర్రదీపం ఒకటి వెలిగి ఆరింది. మళ్ళీ వెలిగింది. మంచుపొడిలో ఒక బండి ఆకారం, వెనక చక్రం నేలకు జానెడు ఎత్తులో ఉంది. దాని కిందనుంచి రెండు బూట్లు బయటికొచ్చి ఉన్నాయి.

ఎర్ర తాళ్ళు.

గార్త్ ట్రక్కు ఇంజను ఆపకుండానే స్క్రూ జాకీతో కిందికి దూకి పరుగెత్తాడు. "టెస్సా! బయటికి రా! టెస్సా!"

బూట్లు కదల్లేదు.

పలక మీద ఎర్ర జాకీ నిలబడి ఉంది. తను చెత్తగుంటలో కప్పెట్టినదే. మెడ దగ్గర సొట్ట అలాగే ఉంది. దాని మెడ వెంట నూనె చుక్క ఒకటి జారింది. ఇంత చలిలో నూనె కారకూడదు... కారింది. బండి కొంచెం దిగింది. అతను వంగి ఆ చీలమండలు పట్టుకుని లాగాడు. రాలేదు. కింద ఎక్కడో కోటు చిక్కుకున్నట్టుంది. తెచ్చిన స్క్రూ జాకీని బండి అంచు కిందికి తోశాడు, గబగబా తిప్పబోయాడు. వేళ్ళు ఇనుముకు అంటుకుని తోలు ఊడింది. మర బిగుసుకుపోయింది, ఒక్క చుట్టు కూడా తిరగలేదు.

"చేతులు విరగ్గొట్టుకుంటావ్ గార్త్."

గుసగుస. వెనకనుంచి.

అతను తిరిగి చూశాడు. ఎర్రదీపం వెలిగినప్పుడు నీలం కోటు కనిపించింది. ఆరినప్పుడు ఏమీ లేదు. మళ్ళీ వెలిగినప్పుడు ఇంకొంచెం దగ్గరగా ఉంది. కోటు ముందు భాగం లోపలికి నొక్కుకుపోయి ఉంది. అందులో ఇంకో మనిషి ఒదిగి కూర్చునేంత గుంట.

"ఐవర్... ఆ పిల్లేం చేసింది? ఏం పాపం ఎరుగని పిల్ల."

"నేనేం చేశాను?"

గార్త్ మళ్ళీ జాకీ మరను పట్టుకుని తిప్పబోయాడు.

"పరీక్ష చేశానన్నావ్." ఊపిరి లాగాడు. "ఆరింటికి నీ ట్రక్కు వచ్చింది. చప్పుడు గుర్తుపట్టాను. గార్త్ వచ్చాడు, ఇక పర్లేదు అనుకున్నాను." మళ్ళీ ఊపిరి. "బూటు కదిపాను. కాలు ఆడించడానికే... నాకెంత కష్టమైందో తెలుసా?"

జాకీ ఇంకో గింజంత దిగింది.

"తప్పు నాదే!" గార్త్ మోకాళ్ళ మీద పడ్డాడు. "తెలిసే అమ్మాను. చూసి కూడా వెళ్ళిపోయాను. నన్ను చంపండి. ఆమెను వదిలెయ్యండి, మీకు దణ్ణం పెడతాను."

"చంపడం నాకెందుకు? నువ్వొక మాట ఇచ్చావ్. అది చేసి చూపించు."

గార్త్‌కు ఏ మాటో వెంటనే తెలిసింది. బూట్ల వైపు చూశాడు, జాకీ వైపు చూశాడు. "నేను పడుకుంటే ఆమెను వదిలేస్తారా?"

"ముందు పడుకో."

బేరమాడే టైము లేదు. గార్త్ మంచులో వెల్లకిలా పడుకుని, మడమలతో తన్నుకుంటూ బండి కిందికి జరిగాడు. వీపు కింద కంకర గుచ్చుకుంటోంది. ముఖానికి బెత్తెడు పైన ఇనుము. అక్కడ గాలి లేదు, చప్పుడు లేదు. తడి ఉన్ని వాసన, నూనె వాసన. చెయ్యి చాపి పక్కనున్న కాలు తడిమాడు. "అమ్మా, భయపడకు... నాన్నను, వచ్చేశాను." మోకాలు దొరికింది. కర్రలా ఉంది. ఇంకా పైకి తడిమాడు... గుండీలు. పెద్ద గుండీలు. ఉన్ని కోటు.

దీపం వెలిగింది. బూట్ల తాళ్ళు ఎర్రవి కావు. తడిసి ఎర్రబడినవి.

మళ్ళీ వెలిగినప్పుడు ముఖం మీద ఉన్న ఇనుము కనిపించింది. టెస్సా బండిది కాదు. పోస్టు వ్యాను అడుగుభాగం. గొలుసుకు పట్టేసిన స్టెప్నీ వేలాడుతోంది. బయట తన ట్రక్కు ఇంజను చప్పుడు ఎప్పుడో ఆగిపోయిందని అప్పుడు గమనించాడు. దాని వెలుగు కూడా లేదు.

బయటికి జరగబోయాడు. ఠక్... ఇనుము వచ్చి రొమ్ము మీద ఆగింది. గట్టిగా కాదు, చెయ్యి ఆనించినట్టు. అరవడానికి ఊపిరి కావాలి. అది సగమే వచ్చింది.

"కళ్ళు" అంది పక్కనుంచి గుసగుస, చెవి దగ్గరగా. "మూసుకుని అన్నావ్."

అప్పుడే వెలుగు వచ్చింది. ఉత్తరం నుంచి ఒక బండి. వేగం తగ్గింది. ఆగింది. అద్దం దిగిన చప్పుడు.

"సాయం ఏమైనా కావాలా?"

టెస్సా గొంతు! క్షేమంగా ఉంది, హాయిగా ఉంది. గార్త్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిలవబోయాడు. గాలి రాలేదు.

"వద్దు తల్లీ, పని అయిపోవచ్చింది." గుసగుస ఇప్పుడు రోడ్డు మీదనుంచి వస్తోంది.

"మీరేగా మధ్యాహ్నం షాపులో కనిపించారు? నా జాకీ మర్చిపోయి వచ్చేశాను చూడండి. అదృష్టం, నా టైర్లన్నీ బానే ఉన్నాయి. ఫోన్ కూడా పొద్దుటి నుంచి చచ్చి ఉంది, లేకపోతే మా నాన్నను పిలిచేదాన్ని. ఇలాంటి పనుల్లో ఆయన గట్టివాడు."

"తెలుసమ్మా."

"కింద ఉన్నాయన బానే ఉన్నాడా? ఈ చలిలో అలా కదలకుండా..."

"కళ్ళు మూసుకుని పడుకున్నాడు."

టెస్సా నవ్వింది. "ఆయన బూట్లు అచ్చం మా నాన్నవే."

"అందరం ఆ షాపులోనేగా కొంటాం."

గార్త్ తన బలమంతా కాలిలోకి తెచ్చుకున్నాడు. పాదం ఒక్కటి... కొంచెం... కదిలింది.

"అదిగో, కదిలాడు" అంది టెస్సా. "సరే, పని చేసుకోండి మరి. జాగ్రత్త."

అద్దం పైకి లేచింది. కంకర మీద చక్రాలు కదిలాయి. వెలుగు వ్యాను కిందనుంచి మెల్లగా జారుకుని పోయింది. గార్త్ కళ్ళు మూసుకున్నాడు. చీకట్లో నూనె చుక్క ఒకటి పలక మీద పడింది. కాసేపటికి ఇంకోటి.

మర్నాడు ఉదయం గార్త్ ట్రక్కు ఉత్తరం రోడ్డు పక్కన దొరికింది. నాలుగు చక్రాల మీదా నిలబడే ఉంది, ఏ టైరుకూ ఏమీ కాలేదు. రాత్రంతా మైనస్ ముప్పై అయిదున్నా ఇంజను మూత వెచ్చగా ఉందని పోలీసు అధికారి రెండుసార్లు చెప్పాడు. చుట్టూ మంచులో అడుగుజాడలు లేవు. గార్త్ లేడు. వసంతంలో మంచు కరిగాక కుక్కలతో పొలాలన్నీ వెతికారు. చెప్పు ముక్క కూడా దొరకలేదు. ట్రక్కు సీటు మీద రెండే వస్తువులున్నాయి. ఎర్ర బాటిల్ జాకీ, ఒక పలక. పలక మీద గార్త్ అని రాసి ఉంది, అతని చేతిరాతే.

పోస్టు వ్యాను ఎప్పుడో నవంబరులోనే పాత ఇనుముకు పోయిందని టెస్సాకు ఆ తర్వాత చెప్పారు. "నేను ఆగాను" అంటుంది ఆ పిల్ల ఎవరడిగినా, అడగకపోయినా. "ఆగి అడిగాను. కాలు కదిపాడు. నేను చూశాను, చూసి కూడా వెళ్ళిపోయాను." డార్లీన్ ఆమెను దగ్గరికి తీసుకుని ఏడవనిస్తుంది.

షాపు ఇప్పుడు టెస్సాదే. నర్సు పని మానేసింది. తాత చేసినట్టే వెనక షెడ్డులో ఒక పాత ట్రక్కు తెచ్చి పెట్టింది, పరీక్షించని జాకీ ఒక్కటీ అమ్మదు. ఆ ఎర్రదాన్ని కూడా ఒక రాత్రి పరీక్షించింది. గోడ మీద సుద్దగీత నుంచి వెంట్రుకంత కూడా దిగలేదు. దాన్ని అమ్మడానికి మనసొప్పక, గార్త్ పలకతో పాటు ఆ ఖాళీ అరలోనే పెట్టింది.

అరలో నూనె మరక మళ్ళీ పడలేదు. పలక మీద మాత్రం, గార్త్ అన్న పేరు కింద, మొన్న పొద్దున గోటి గీత ఒకటి కొత్తగా కనిపించింది. నిలువుగీత. పాతదేమోలే అనుకుంది డార్లీన్. నిన్న దాని నెత్తి మీద అడ్డగీత ఒకటి పడింది. చూడగానే పలకను తిరగేసి పెట్టింది. ఇంగ్లీషులో టెస్సా పేరు రాయడం అలాగే, టి అక్షరంతో మొదలవుతుంది.

ఈ పొద్దున డార్లీన్ షాపు తెరిచేసరికి పలక మళ్ళీ వెల్లకిలా ఉంది.